పదకొండో నిబంధన

ఢిల్లీలో పెద్ద పుస్తకం రాస్తున్నారని
గన్నవరం రేవులో కాఫీ హోటలు రేడియో చెప్పిన ఏడు
మా తాత చిన్న పుస్తకం రాశాడు.
ముప్పై రెండు పేజీల బౌండు నోటు,
నీళ్ళు కలిపిన నల్ల సిరా.
వైనతేయ పాయ నడుమ, కొత్తమేట లంకలో,
పుగాకు ఆరేసిన పాక కింద
మూడు రాత్రుల సభ.

సభంటే ఏమంత?
యాభై మంది, రెండు బుడ్డి దీపాలు,
ఘాటుకి తుమ్ములు.
సొసైటీ కడితే సర్కారు లంక కౌలుకిస్తుందట.
సొసైటీకి నిబంధనలుండాలట.
బడిపంతులు జక్రయ్యకి, అంటే మా తాతకి,
అప్పటిదాకా తెలిసిన నిబంధనలు రెండే:
పాతదీ, కొత్తదీ.

మొదటి రాత్రి
సభ్యుడంటే ఎవరో తేలలేదు.
"అరక పట్టినోడు" అన్నారు.
"మరి నాటేసినామో?" అంది
గుమ్మం అవతల నుంచి బొంతు వీరాయమ్మ.
ఎవరో నవ్వారు.
తాత రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు.
తెల్లారేసరికి
రెండు గీతల మధ్య ఊపిరాడని చోట
'లేక సభ్యురాలు' ఇరుక్కుంది.

రెండో రాత్రంతా వంతులు.
తాడు ఎన్ని మూరలు, ఆ మూర ఎవరి చేతిది,
ఎగువ ఒండ్రు ఎవరికి, దిగువ ఇసక ఎవరికి.
కాశి లచ్చన్న అలిగి లేచిపోయాడు,
రేవులో పడవ లేక
తిరిగొచ్చి కూర్చున్నాడు.

మూడో రాత్రి పది నిబంధనలూ పైకి చదివి
వేలిముద్రలేశారు.
ఆ పేజీ ఉంటే మీకు చూపించేదాన్ని.

యాభై మూడు ఆగస్టులో
గోదారి లంక మీదుగా నడిచిపోయింది.
ఇద్దరు తప్ప అందరం గట్టెక్కామని
తాత "అందరం" అన్నప్పుడల్లా ఆగేవాడు.
నోటు మాత్రం
దూలానికి కట్టిన గుడ్డసంచీలో
దూలంతో సహా సముద్రానికి పోయింది.
నీరు తీశాక చూస్తే
వీరాయమ్మ వంతు లేదు.
వంతున్న చోట ఏరుంది.
లచ్చన్న వంతుకి
రెండెకరాల మేట, ఊరికే.

మళ్ళీ సభ. ఈసారి ఏటిగట్టు మీద,
తడి గోనెల మీద కూర్చుని.
ఎవరికి గుర్తున్నది వాళ్ళు చెప్పాలి.
జ్ఞాపకం ఎటు ఒరుగుతుందో తెలిసిందే:
మూరలు పెరిగాయి, జరిమానాలు తరిగాయి.
పది రాసి తాత కలం మూత పెట్టబోతే
"పదకొండోది మర్సిపోయారండి పంతులుగారూ" అంది వీరాయమ్మ.

"ఏరు ఎవరి వంతు కోసినా
కోత అందరిదీ."

"అలాటిది ఉందేటి?" లచ్చన్న.
"ఎందుకు లేదు? మూడోనాడు, కోడి కూసినాక.
నువ్వప్పుడు తుమ్ముతున్నావు."

అందరూ తాత వైపు చూశారు.
రాసిన చెయ్యి ఆయనదే మరి.
ఆయన సిరాబుడ్డి వైపు చూశాడట.
"ఉంది" అన్నాడు.

ఆ రెండో నోటు నా బీరువాలో ఉంది.
అమలాపురం కాలేజీలో సివిక్స్ చెబుతాను,
మూలమేది, సవరణేది అని
పిల్లలకి అయిదు మార్కుల ప్రశ్న ఇస్తాను.
కాకినాడ ఆస్పత్రిలో
తాత ఆఖరి వారం అడిగాను.
"లేదమ్మా. ఆ రాత్రి ఎవరూ అనలేదు."
కాసేపటికి, గోడకేసి తిరిగి:
"అనాల్సింది."

ఇంకొకటి ఉంది, ఇది నోట్లో లేదు.
ఆ ఏడు జొన్న కోతకి
లచ్చన్న మేటలోకి కొడవలితో దిగింది వీరాయమ్మ.
"ఇదేటే?" అన్నాడు.
"కోత అందరిదీ అని రాసుంది గదా.
ఏ కోతో రాయలేదు."

లచ్చన్న బతికున్నన్నాళ్ళూ
ఆమెనీ, మా తాతనీ, సిరానీ తిట్టాడు.
ఏటేటా జరిగిన సభలో
సవరణ మాత్రం అడగలేదు.